ముప్పై రెండులో ఒకటి

ముప్పై రెండు మందిలో ముప్పై ఒక్కరు బయటపడ్డారు, ఒకరు లోపల ఉండిపోయారు, ఆ ఒకరు ఎవరన్నది ఇంకా తేలలేదు అని గేటు దగ్గర స్టూలెక్కి నిలబడ్డ సెక్యూరిటీ ఆఫీసరు చెప్పగానే నా బుర్ర, సిగ్గులేని బుర్ర, ముందుగా చేసిన పని భాగహారం. ఒకటి బై ముప్పై రెండు. నూటికి మూడు పాయింట్ ఒకటి. పక్కన ఒకావిడ గేటు కమ్మీలు పట్టుకుని కూలబడిపోయింది, ఒక ముసలాయన తువ్వాలు నోట్లో కుక్కుకున్నాడు, నేను మాత్రం దశాంశం తర్వాత రెండో అంకె ఎంతా అని చూసుకుంటున్నాను. విశాఖ ద్వారకా నగర్ కోచింగ్ సెంటర్లో ఇరవై ఆరేళ్ళుగా లెక్కలు చెప్పేవాడికి ఇంకేం వచ్చి చస్తుంది. పైగా ఆ అంకె నాకు కొత్త కాదు. మొన్న ఫిబ్రవరిలో ఆకాశంలో ఒక రాయికి సరిగ్గా ఇదే అంకె వేశారు. పొద్దున తొమ్మిదిన్నరకి ఫోన్ వచ్చినప్పుడు బోర్డు మీద నేను చెబుతున్నది ఆ రాయి గురించే. అచ్యుతాపురంలో సింహాద్రి పనిచేసే మందుల కంపెనీలో, అదీ మూడో బ్లాకులో, మంటలు లేచాయన్నారు. సింహాద్రి నా భార్య తాయారు తమ్ముడు. ఈ వారం వాడిది 'ఎ' షిఫ్టు, పొద్దున ఆరు నుంచి రెండు దాకా. సుద్దముక్క జేబులో వేసుకునే బండెక్కేసినట్టున్నాను, ఇక్కడికొచ్చి రుమాలు కోసం చెయ్యి పెడితే వేళ్ళకి తెల్లగా అంటింది. చేరేసరికి పదకొండయింది.

మంటలు ఆర్పేశారట. పొగ మాత్రం తెల్లగా, పల్చగా, ఎవరింట్లోనో పొయ్యి రాజేసినంత మామూలుగా లేస్తోంది. ముప్పై ఒక్కరూ ఒకచోట ఉంటే తలలు లెక్కపెట్టి చెప్పేసేవారు. కొందర్ని ఆంబులెన్సులో అనకాపల్లి తీసుకెళ్ళారు, కొందర్ని విశాఖ పంపారు, కొందరు వెనక గోడ దూకి జీడితోటల్లో పడి పరిగెత్తారు. లోపల పడిపోయిన పైపుల కింద ఒక్క మనిషే కనిపిస్తున్నాడు, కదలిక లేదు, ముఖం తెలియట్లేదు, అక్కడిదాకా వెళ్ళడానికి ఇంకో గంట పడుతుంది అని ఫైరువాళ్ళు చెప్పారట. ఆఫీసరు చేతిలో ఒక చెక్క పలక ఉంది. దానికి మేకులు, మేకులకి ఇత్తడి టోకెన్లు. బ్లాకులోకి వెళ్ళేవాడు తన నంబరు టోకెన్ ఆ మేకుకి తగిలించి వెళ్ళాలి, వచ్చేటప్పుడు తీసుకుపోవాలి. వేలిముద్ర మిషను కూడా ఉంది గానీ మందుల్లో నాని నాని వీళ్ళ వేళ్ళ గీతలు అరిగిపోయాయి, అది ఎవర్నీ పోల్చుకోదు. సంక్రాంతి ముందు రేషను దుకాణంలో కూడా సింహాద్రి వేలు పట్టలేదని తాయారు చెప్పింది. అందుకని మనిషికి సాక్ష్యం ఆ ఇత్తడి బిళ్ళే. ఎక్కడినుంచో ఫోన్ వస్తుంది, ఫలానా వాడు ఇక్కడ ఉన్నాడు అని. ఆఫీసరు పేరు చదివి, ఆ టోకెన్ తీసి కింద బిస్కెట్ల డబ్బాలో వేస్తాడు. టంగుమంటుంది. ఆ చప్పుడుకి ఒక కుటుంబం ఏడుస్తూ నవ్వుతూ గుంపులోంచి విడిపోతుంది. సింహాద్రిది నూట పదిహేడు.

"కూకోండి బావూ. నిలబడితే కబురు బేగి రాదు" అంది పైడితల్లి. నాకు ఆవిడెవరో ఇక్కడికొచ్చేదాకా తెలీదు. గేటు పక్కన నీలం టార్పాలిన్ కింద ఇడ్లీ బండి ఆవిడది. తెల్లవారుజామున నాలుగింటికే ఇంట్లోంచి బయల్దేరి వస్తుందట. ఈ బండి పెట్టిన చోటే ఒకప్పుడు తమ జీడితోట గట్టు ఉండేదని చెప్పింది, వానాకాలంలో ఈ గట్టు మీద జారి పడేవాళ్ళం అని నవ్వుతూ చెప్పింది. నాకు స్టూలు వేసింది, మజ్జిగ ఇచ్చింది, వద్దంటే చేతిలో పెట్టింది. ఆవిడ భర్త వీర్రాజుదీ మూడో బ్లాకే. "మా ఆయనది బి షిఫ్టు బావూ, మద్దేనం రెండుకి. అప్పన్న దయ. నాను వచ్చినప్పుడు దుప్పటి ముసుగెట్టి తొంగున్నాడు, ఇప్పటికీ లెగిసుండడు. ఇంత గోల అవుతంది, నీళ్ళ కేన్లు తెమ్మందామని పోను సేత్తన్నాను, ఎత్తడే. ఆ పోనుకి రోజుకో పాట మారుత్తాడు, ఏ పాటకీ లెగడు. కుంభకర్ణుడు నయం" అని మళ్ళీ ఫోన్ చెవికి ఆనించుకుంది. లోపల సెక్యూరిటీ గదిలో ఫోన్లు మోగుతూనే ఉన్నాయి. ప్లాంటులోకి ఫోన్ తీసుకెళ్ళనివ్వరు, గేటు దగ్గర గూళ్ళ బీరువాలో పెట్టి వెళ్ళాలి. ఇక్కడ నిలబడి ఎవరి మనిషికి వాళ్ళు చేస్తూ ఉంటే అక్కడ దేవుడి పాటలు, సినిమా పాటలు, బజర్లు, అన్నీ కలిసి ఊళ్ళో తీర్థం జరుగుతున్నట్టుంది. వాటి మధ్య ఒకటి కోడి కూత. ఎవడో సరదా మనిషి, కోడి కూత పెట్టుకున్నాడు.

పిల్లలకి ఆ రాయి గురించి ఎందుకు చెబుతున్నానంటే, సంభావ్యత అనే పాఠం వాళ్ళకి బొత్తిగా నచ్చదు. పాచికలు, పేకముక్కలు, సంచిలో ఎర్ర బంతులు. ఎవడి సంచిలో ఉంటాయి ఎర్ర బంతులు. అందుకని రాయిని తెచ్చాను. రెండువేల ఇరవై నాలుగు డిసెంబరు చివర్లో చిలీలో ఒక దుర్బిణికి చిక్కింది. ఇరవై అంతస్తుల మేడంత ఉండొచ్చన్నారు. రెండువేల ముప్పై రెండు డిసెంబరు ఇరవై రెండున భూమికి తగలొచ్చన్నారు. జనవరిలో ఎనభై మూడులో ఒకటి అన్నారు, ఫిబ్రవరిలో నలభై మూడులో ఒకటి, తర్వాత ముప్పై రెండులో ఒకటి. అయ్యో పెరుగుతోందే అని లోకమంతా కంగారుపడింది. కంగారెందుకు, ఇలా చూడండి అని బోర్డు మీద లావుపాటి కర్ర గీసి దాని మధ్యలో చింతగింజ గీశాను. ఆ రోజు రాయి ఈ కర్రలో ఎక్కడైనా ఉండొచ్చు, మనకి తెలీదు. ఈ గింజ భూమి. రోజూ రాయిని చూస్తున్నకొద్దీ మన అజ్ఞానం తగ్గుతుంది, కర్ర రెండు వైపులా అరుగుతుంది. గింజ మాత్రం అంతే ఉంటుంది. కర్ర పొట్టిదవుతుంటే అందులో గింజ వాటా పెరగదూ. అందుకే అంకె పెరుగుతుంది. పెరిగి, పెరిగి, ఒకరోజు అరుగుతున్న కర్ర అంచు గింజని దాటి పక్కకి పోతుంది. అంతే, సున్నా. కాబట్టి అంకె పెరగడం చెడ్డ వార్త కాదు, తెలుసుకుంటున్నాం అని అర్థం, అన్నాను. ఎంత హాయిగా అన్నానో. ఫ్యాన్ కింద నిలబడి అన్నాను.

టంగుమంది. ఇరవై ఆరులో ఒకటి. టంగు. ఇరవై అయిదు. ఆ తర్వాత ఎవరో శ్రీనివాసరావు, విశాఖలో ఉన్నాడట, చెయ్యి కాలిందట గానీ మాట్లాడుతున్నాడట. వాళ్ళమ్మ నేల మీద పడి మొక్కింది. నేను కూడా సంతోషించాను, అబద్ధం చెప్పను, సంతోషించిన మరుక్షణం ఇరవై నాలుగులో ఒకటి అనుకున్నాను. వాళ్ళ కర్ర ముక్క విరిగి పడింది, నా గింజ వాటా పెరిగింది. ఇక్కడ పక్కవాడి మంచి కబురే నాకు చెడ్డ కబురు. ఈ సంగతి ఏ పుస్తకంలోనూ ఇలా రాయలేదు, నేనూ ఏ బ్యాచికీ ఇలా చెప్పలేదు. తాయారు ఫోన్ చేసింది. ఏమైందండీ అంది. ఇంకా పేర్లు చదువుతున్నారు, నువ్వు రాకు, నేనున్నానుగా అన్నాను. నేనుండి ఏం చేస్తున్నాను, తీసివేతలు చేస్తున్నాను. అమ్మానాన్నా పోయాక తొమ్మిదేళ్ళ వయసులో సింహాద్రి మా ఇంటికొచ్చాడు, చేతిలో సంచి, సంచిలో రెండు చొక్కాలు, ఒక గోళీల సీసా. నాను ఇక్కడే ఉంటాను బావా అన్నాడు. నేను అనాలిరా అన్నాను. మా నాన్న కోనసీమ నుంచి స్టీలు ప్లాంటు ఉద్యోగానికి వచ్చిన మనిషి, నాకు ఆ భాష గర్వం ఒకటి. నాను అంటే నాను కాదేటి బావా, ఎవులు మరి అన్నాడు. ఇరవై రెండేళ్ళు దిద్దాను. వాడు ఇప్పటికీ నానే.

ఈ ఉద్యోగంలో చేరేముందు వాడు భయపడ్డాడు. భయమెందుకు, లెక్క చూద్దాం అని కాగితం తీసుకున్నాను. ఇలాంటి బ్లాకులో పెద్ద ప్రమాదం పదివేల ఏళ్ళకి ఒకసారి జరిగేలా కడతారట, ఎక్కడో చదివాను. అంతకంటే నువ్వు లంకెలపాలెం దగ్గర బండి మీద రోడ్డు దాటడం ప్రమాదం అన్నాను. వాడు "బావా, ఆ పదివేల ఏళ్ళల్లో నాను ఎన్నో ఏడులో ఉన్నానో అదెలగ తెలుస్తాది?" అని అడిగాడు. వెటకారం చేస్తున్నాడనుకుని కసిరాను. వాడు వెటకారం చెయ్యలేదు. అది మంచి ప్రశ్న. నా క్లాసులో ఎవడైనా అడిగుంటే చప్పట్లు కొట్టించేవాణ్ణి. ఇంట్లో మనిషి అడిగితే ప్రశ్న కనబడదు, నోరు కనబడుతుంది.

టంగు. పదిహేడు. ఎండ లేదు, ఉక్క. ఫిబ్రవరిలో మాత్రం వాడికి నా లెక్క మీద ఎంత గురి పుట్టిందో. ఆ కర్రా చింతగింజా బొమ్మ నేను మొదట గీసి చూపించింది వాడికే. రోజూ షిఫ్టు దిగగానే ఫోన్, "బావా, ఈరోజెంత?" అని, రేవులో వంజరం చేప ధర అడిగినట్టు. ముప్పై రెండులో ఒకటి అన్న సాయంత్రం సెలవు పెట్టి మరీ మా ఇంటికొచ్చాడు. రాయి పడితే ఎక్కడెక్కడ పడొచ్చో ఒక గీత గీశారు కదా, పసిఫిక్ నుంచి ఆఫ్రికా మీదుగా మన దేశం దాకా, ఆ గీత ఫోన్లో చూపించి, ఇది మన మీంచి కూడా పోతందంట బావా అన్నాడు. డాబా మీద నిలబడి ఇద్దరం ఆకాశం చూశాం, అక్కడేదో కనబడుతుందన్నట్టు. పోర్టు వైపు క్రేన్ల దీపాలు తప్ప ఏం లేవు. వాడు ఉన్నట్టుండి, రెండువేల ముప్పై రెండుకి నాకు ముప్పై ఎనిమిది బావా, అప్పటికి డిగ్రీ అయిపోవాల అన్నాడు. వారం తిరక్కుండానే అంకె పడిపోయింది. సున్నా కింద లెక్క అన్నారు. వాడు ఆ రోజు కాస్త నిరాశపడ్డట్టు కూడా అనిపించింది, రోజూ ఫోన్ చెయ్యడానికి ఒక వంక పోయింది పాపం.

"సింహాద్రి బాబు మీ బావమరిదా" అంది పైడితల్లి, పేరు ఇప్పుడే విన్నట్టుంది. "ఆడు నాకు తెల్దేటి. నాలుగిడ్లీ, కారప్పొడి. తింటా కూడా పుస్తకం ఒగ్గడు. ఒకపాలి లెక్కలు రాసుకున్న కాయితంలోనే ఇడ్లీ సుట్టీసుకుని ఎల్లిపోనాడు. పరిచ్చ ఉంది వొదినా, ఈపాలి తప్పితే మా బావ మొకం సూడలేను అంటాడు." ఏ పరీక్ష అని నేను అడగలేదు. ఓపెన్ డిగ్రీలో అన్నీ అయ్యాయి, లెక్కలు ఒక్కటే రెండుసార్లు తప్పాడు. రెండోసారి, జూన్ మొదట్లో, అన్నం తింటున్నవాడి ముందు నిలబడి, నీకు వేళ్ళ మీద లెక్కపెట్టుకోవడం కూడా రాదురా, ఇంక ఆ పుస్తకాలు తూకానికి వెయ్యి అన్నాను. ప్రతి మాటా గుర్తుంది. వాడు చెయ్యి కడుక్కుని లేచాడు. అప్పటినుంచి ఆదివారాలు రావడం మానేశాడు. నెలన్నర. తాయారు చెప్పింది, మీరొకసారి ఫోన్ చెయ్యండి అని. వాడే చేస్తాడులే అన్నాను. పెద్దవాణ్ణి కదా, పెద్దరికం ఫోన్ చెయ్యనివ్వదు. ఆ మాటే నేను వాడితో అన్న ఆఖరి మాట అయితే, ఇంక జన్మంతా సుద్దముక్క పట్టుకోను అనుకున్నాను. మరుక్షణం, ఇలాంటి మొక్కులతో అంకె మారుతుందా గురునాథరావూ అని నన్ను నేనే వెక్కిరించుకున్నాను. అయినా మొక్కాను. సింహాచలం వైపు తిరిగి మొక్కాను, దిక్కు సరిగ్గా తెలీక పైడితల్లిని అడిగి మరీ తిరిగాను.

టంగు, టంగు, వెంటవెంటనే రెండు. తొమ్మిది. జీడితోటల్లో దొరికారట ఒకేసారి నలుగురు. అయిదు. ఇరవై శాతం. వాడికి మళ్ళీ ఫోన్ చేశాను. స్విచాఫ్. పొద్దున్నుంచీ అదే. గదిలో ఫోన్లు ఒక్కొక్కటే ఊరుకుంటున్నాయి, మనిషి దొరికాక ఇంక వాళ్ళవాళ్ళు ఆ నంబరుకి చెయ్యరు కదా. తీర్థం ముగిసి జనం ఇళ్ళకి పోతున్నట్టుంది. మధ్యలో కోడి మాత్రం ఇంకోసారి కూసింది. పైడితల్లి విసుక్కుంటూ తన ఫోన్ బొడ్లో దోపుకుని, "సచ్చినోడు. పొద్దున బస్సులోంచి ఎవుడో ఈల ఏసినాడు, అచ్చం మాయాయనలాగే. తల తిప్పి సూసీసరికి బస్సు లోనకెల్లిపోనాది. ఈయనేమో పక్క దిగడు" అంది. నేను వినీ విననట్టు ఊకొట్టాను. నా కళ్ళు పలక మీద ఉన్నాయి. రెండు టోకెన్లు. నూట పదిహేడు, నూట నలభై. సగానికి సగం. నాణెం ఎగరేసినట్టు. నూట నలభై నాగవంశీ అనే కుర్రవాడు, వాడి అక్కాబావా గేటుకి అటు చివర నిలబడి ఉన్నారు. నేను వాళ్ళ వైపు చూశాను, వాళ్ళు నా వైపు చూశారు. ఒకరి ముఖం ఒకరం చూడలేక అందరం పలకనే చూశాం. నేను ఏం కోరుకున్నానో రాస్తున్నాను. లోపల పడి ఉన్నది ఆ నాగవంశీ కావాలని కోరుకున్నాను. ముఖం కూడా తెలియని పిల్లాడు.

నాగవంశీ పన్నెండుకి వచ్చాడు. ఎవరిదో బండి వెనక కూర్చుని, చెప్పుల్లేకుండా, కాళ్ళనిండా ముళ్ళ గీతలతో. అక్క పరిగెత్తుకెళ్ళి వాణ్ణి బండి దిగకుండానే పట్టేసుకుంది. వాడు ఆమె భుజం మీదుగా ఇటు చూశాడు. నేను లేచి అడ్డంపడ్డట్టు వెళ్ళి, బాబూ, సింహాద్రి అన్నాను. వాడు నన్ను కాదు, నా వెనక నిలబడ్డ పైడితల్లిని చూశాడు. చూసి తల దించుకున్నాడు. నాకింక వేరే జవాబు అక్కర్లేకపోయింది. ఆఫీసరు నూట నలభై తీసి డబ్బాలో వేశాడు. పలక మీద ఒక్కటే మిగిలింది, గాలికి కొంచెం ఊగుతోంది. ఆయన స్టూలు దిగి నా దగ్గరకొచ్చి, మాస్టారూ అన్నాడు, ఎవరు చెప్పారో నేను మాస్టార్నని.

ఒకటి బై ఒకటి. ఈ అంకె గురించి పాఠంలో ఒక్క వాక్యమే ఉంటుంది, తప్పక జరిగే ఘటన సంభావ్యత ఒకటి అని. అంతకుమించి చెప్పడానికి ఏమీ ఉండదని ఇన్నాళ్ళూ గబగబా దాటేసేవాణ్ణి. ఉంటుంది. ఒకటి అంటే ఇంక లెక్క లేదు. గంట నుంచి నన్ను నిలబెట్టింది ఆ లెక్కే, తీసివేస్తున్నంతసేపూ ఇంకా ఏదో మిగిలి ఉందనే. ఇప్పుడు చేతులు ఊరికే ఉన్నాయి. తాయారుకి ఏమని చెప్పాలి. ఇంట్లోంచి బయటికి రానిచ్చి చెప్పాలా, లోపల కూర్చోబెట్టి చెప్పాలా. గోళీల సీసా ఇంకా అటక మీదే ఉందా. నాను అంటే నాను కాదేటి బావా. వాడు కాదు, వాడు కాదు అని నాలోపల ఎవరో అంటున్నారు, ఏ ఆధారం లేకుండా, నా దగ్గర చదువుకుంటే సున్నా మార్కులు వేసే పద్ధతిలో. పైడితల్లి నా చెయ్యి పట్టుకుని స్టూలు మీద కూర్చోబెట్టింది. తన కొంగుతో నా మొహం తుడిచింది, చంటివాడికి తుడిచినట్టు. ఏడుస్తున్నానని అప్పుడే తెలిసింది నాకు. ఎంతసేపు అలా ఉన్నానో, ఏడు నిమిషాలట, ఫోన్లో చూస్తే తర్వాత తెలిసింది. ఆ ఫోనే మోగింది. తెర మీద వాడి పేరు.

"బావా, కోపం ఒగ్గీసినావా?" అన్నాడు. వెనకాల బస్సుల హారన్లు. "పేపరు సుబ్బరంగా రాసినాను బావా. సంభావ్యత పదహారు మార్కులకి వచ్చింది, ఎర్ర బంతులే. సింతగింజ ఏసి సేసినాను. ఈపాలి పాసైపోతాను. రిజల్టు వచ్చినదాక నీకు సెప్పకూడదనుకున్నాను గానీ ఆగలేకపోనాను. హలో. ఇనపడతందా?"

ఎక్కడున్నావురా అన్నాను.

"మద్దిలపాలెంలో. పరిచ్చ సెంటర్ కాడ. పోను బయటెట్టించీసినారు, ఇప్పుడే ఇచ్చినారు."

డ్యూటీ అన్నాను.

"మూచువల్ సేసినాం బావా. రాత్రి ఆడు డ్యూటీ దిగినాక పోను సేసి వీర్రాజుని అడిగినాను. నా టోకెన్ మీద ఆడు దిగినాడు, మద్దేనం ఆడి బి షిఫ్టు నాను సేత్తాను. మాకు మామూలేలే ఇది, సూపరైజరు కూడా సూసీ సూడనట్టు ఊరుకుంటాడు. ఏటి బావా, మాటాడవేటి?"

సున్నా. ముందు సంతోషం వచ్చింది, దాన్ని ఎలా ఆపగలను. ఉన్నాడు. వాడు ఉన్నాడు, ఎర్ర బంతుల లెక్క చేశాడు, మద్దిలపాలెంలో నిలబడి నన్ను బావా అంటున్నాడు. కర్ర అంచు గింజని దాటిపోయింది. స్విచాఫ్ అని పొద్దున్నుంచీ నాకు ఆ యంత్రం చెబుతూనే ఉంది కదా, ఇక్కడ గూట్లో పెట్టిన ఫోన్లన్నీ మోగుతుంటే వాడిదొక్కటే ఎందుకు మోగలేదో అనుకున్నానా. కొత్త సమాచారం వస్తే అంకె మార్చుకోవాలని పిల్లలకి వాగేవాణ్ణి. నువ్వు అక్కడే ఉండు, కదలకు, అక్కకి ఫోన్ చెయ్యి అని పెట్టేశాను. అప్పుడు గుర్తొచ్చింది పొద్దున క్లాసులో ఇంద్రజ అనే పిల్ల లేచి అడిగిన ప్రశ్న. సున్నా అయిపోయిందిగా సార్, ఇంక గొడవ లేదుగా అంది. నేను నవ్వి, ఆ మాట చంద్రుణ్ణి అడగమ్మా అన్నాను. భూమికి సున్నా అయిన ఆ లెక్కలోనే చంద్రుడికి పెరిగింది. జూన్ కొచ్చేసరికి నూటికి నాలుగు దాటిందన్నారు. రాయి ఎక్కడికీ పోలేదు, మన కర్రలోంచి పోయింది, అంతే. క్లాసంతా నవ్వింది. నాకు నవ్వించడం బాగా వచ్చు.

పైడితల్లి నా ముఖం చూస్తోంది. "దొరికినాడా బావూ?"

దొరికాడమ్మా అన్నాను. ఆవిడ రెండు చేతులూ ఎత్తి అప్పన్నకి దణ్ణం పెట్టింది. కళ్ళు తుడుచుకుంది. నాను సెప్పలేదేటి, ఆ బాబుకి ఏటీ అవదని అంది. నా మంచి కబురు ఆవిడకి ఎంత మంచి కబురో. నేను పొద్దున్నుంచీ ఒక్క కుటుంబం విషయంలోనూ అలా సంతోషించలేకపోయాను. పలక మీద నూట పదిహేడు ఇంకా ఊగుతోంది. తీసి డబ్బాలో వెయ్యడానికి లేదు, దాని మీద మనిషి ఉన్నాడు. చెప్పాలి. ఆఫీసరు కాదు, నేనే చెప్పాలి, నా లెక్కలు పాసవ్వాలనే కదా వాడు ఇవాళ డ్యూటీ మార్చుకున్నాడు. పైడితల్లీ, కాస్త ఇలా కూర్చోమ్మా అన్నాను. స్టూలు ఆవిడ వైపు జరిపాను. ఆవిడ కూర్చోలేదు. "ఉండండి బావూ. ఇద్దరూ ఒక్క బ్లాకోల్లు గదా, సింహాద్రి బాబు దొరికినాడనీసి మాయాయనకి సెప్పీసొత్తాను" అని బొడ్లోంచి ఫోన్ తీసింది.

గేటు దగ్గర ఇప్పుడు జనం లేరు. సెక్యూరిటీ గదిలో చప్పుడు లేదు. ఆవిడ బొటనవేలితో నొక్కి ఫోన్ చెవికి పెట్టుకుంది. గదిలో కోడి కూసింది. ఆవిడ తల తిప్పి ఆ వైపు చూసింది. ఫోన్ చెవి నుంచి తీసి కట్ చేసింది. కోడి ఆగింది. మళ్ళీ నొక్కింది. ఈసారి చెవికి పెట్టుకోలేదు, చేతిలోనే పట్టుకుని వింది.

మూడోసారి నొక్కకుండా నేను ఆ చెయ్యి పట్టుకున్నాను.